నీళ్లు చూడని పడవ

జెద్దా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో దూది మూట ఉంది. ఎందుకని అడిగాను. ఆయన మన తెలుగువాడే, తాళ్లరేవులో పడవలు కట్టే వడ్రంగి.

"ఇక్కడి కళాకారిణి ఒకావిడ ప్రదర్శనకి పడవ కట్టిస్తన్నారండి. ఈళ్ల తాతలు మన దేశం టేకుతోనే ఓడలు కట్టుకునేవోరంట. ఈ దూది చెక్క పలకల సందుల్లో కూరతామండి, నీళ్లు రాకుండా."

"పడవ నీళ్లలోకి దిగుతుందా?"

"లేదండి. హాల్లోనే ఉంటది."

"మరి దూదెందుకు బాబాయ్? ఎవరు చూడొచ్చారు?" అని నవ్వాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "సందులు పూడ్చకపోతే అది పడవెలాగవుద్దండీ?"

నేను అక్కడే ఒక ప్లాంటులో పైపుల వెల్డింగ్ తనిఖీ చేసేవాణ్ణి. ఎండకు బద్ధకించి, ఆ వారం ఎనిమిది అతుకులకు చూడకుండానే సంతకం పెట్టాను. తిరిగి పనిలోకి వెళ్లగానే ఆ సంగతి సూపర్‌వైజర్‌కు నేనే చెప్పాను. మళ్లీ పరీక్షిస్తే రెండు అతుకులు పగిలి ఉన్నాయి. జగిత్యాల నుంచి వచ్చిన కూలీలు నలుగురు రోజూ ఆ పైపుల కిందే కూర్చుని అన్నం తినేవారు.