పబ్బు మీద నేను రాసిన ఫిర్యాదు

మా వీధి చివరి పబ్బును కాపాడిన వాళ్లలో నన్ను కూడా కలిపి చెబుతుంటారు. అది మూతపడే దాకా రావడంలోనూ నా చెయ్యి ఉంది. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

సిడ్నీలో వెస్ట్‌మీడ్‌కి దగ్గరగా మేం ఒక రెండు పడగ్గదుల ఫ్లాట్ కొనుక్కున్నాం. మా ఆయన అక్కడి ఆసుపత్రిలో నర్సు. పక్షవాతం వచ్చినవాళ్ల వార్డులో, ఎక్కువగా నైట్ డ్యూటీలు. కాబట్టి ఆయన పడుకునేది పగలు. మా పడగ్గది కిటికీకి ఎదురుగా, ఒక సన్నటి సందు అవతల, ఆ పబ్బు వెనక గోడ ఉంది. నూరేళ్లు దాటిన ఎర్ర ఇటుకల కట్టడం. ముందు వైపు బారు, వెనక పాటల గది. ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా అక్కడ ఎవరో ఒక బ్యాండు వాయిస్తుంది. ఫ్లాట్ చూడటానికి మేం వెళ్లింది శనివారం.

"ఒక్క ఐతారం గూడ కంటినిండ నిద్రపోనిస్తలేరు," అనేవారు మా ఆయన. ఆయనది కరీంనగర్. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచరు. "ఆ డ్రమ్ముల సప్పుడు నా పండ్లల్ల ఇనవడ్తున్నది."

నేనొక ఇన్సూరెన్స్ కంపెనీలో ఉత్తరాలు రాస్తాను. 'మీకు రాదు' అనే ముక్కను రెండు పేజీల్లో, ఎదుటివాళ్లు థాంక్స్ చెప్పేలా రాయడం నా పని. ఆ అనుభవమంతా పెట్టి కౌన్సిల్‌కి పదకొండు పేజీల ఫిర్యాదు రాశాను. ఏ ఆదివారం ఏ టైముకి ఎంత చప్పుడో, ఫోన్లో కొలిచి పట్టిక వేశాను. చివరి వాక్యం కోసం ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. 'ఈ అంతరాయానికి మూలాన్ని శాశ్వతంగా తొలగించవలసిందిగా కోరుతున్నాను' అని. రాసి, పైకి చదువుకున్నాను కూడా.

కౌన్సిల్ నుంచి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు. ఆ తర్వాత పబ్బువాళ్లు వెనక కిటికీకి ఒక పాత పరుపు అడ్డం పెట్టారు. అప్పట్నుంచి డ్రమ్ములు పరుపు కింద వాయించినట్టు వినిపించేవి.

ఏడాది తర్వాత పబ్బు తలుపు మీద ఒక పసుపుపచ్చ నోటీసు కనిపించింది. ఆ భవనం సొంతదారు పోయాడట. పిల్లలు అమ్మేస్తున్నారు. కొనే కంపెనీ ముందు గోడ మాత్రం ఉంచి, వెనకదంతా పడగొట్టి ఫ్లాట్లు కడుతుందట. అభ్యంతరాలుంటే రాయమని కౌన్సిల్ కాగితాలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టింది. కాగితాలు కనిపిస్తే చివరిదాకా చదవడం నాకు ఉద్యోగం తెచ్చిన జబ్బు. అనుబంధాల్లో నా ఉత్తరం ఉంది. పేరు మీద నల్ల గీత కొట్టారు గాని, నా కామాలు నేను గుర్తుపట్టనా. కంపెనీ దరఖాస్తు మొదటి పేజీలోనే, లావు అక్షరాల్లో, పబ్బును శాశ్వతంగా తొలగించమని స్థానికులే కోరుతున్నారని ఉంది.

స్థానికులు అంటే నేను.

మా ఆయనకు చెప్పాను.

"మంచిదే గద. నిద్ర పడ్తది," అన్నారు. మళ్లీ తనే, "కాని కట్టేటప్పుడు రెండేండ్లు డ్రిల్లింగ్ ఉంటది. పొద్దుగాల ఏడింటికెల్లే షురూ జేస్తరు."

మర్నాడు కౌన్సిల్‌కి ఫోన్ చేసి నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. అలాంటి పద్ధతి లేదని, కావాలంటే దానికి వ్యతిరేకంగా ఇంకోటి రాసుకోవచ్చని ఫోనెత్తిన అమ్మాయి చెప్పింది.

ముందు ఒప్పుకోవలసిన వాళ్ల దగ్గర ఒప్పుకుందామని పబ్బుకు వెళ్లాను. అందులోకి వెళ్లడం అదే మొదటిసారి. నడిపేది డెబ్బై ఏళ్లావిడ. ముప్ఫై ఏళ్లుగా ఆ భవనం లీజు ఆవిడదే. నిమ్మకాయ సోడా ఒకటి అడిగి, తాగకుండానే చెప్పేశాను.

"మీమీద కంప్లైంట్ రాసింది నేనే."

ఆవిడ గ్లాసు తుడవడం ఆపలేదు. "పదకొండు పేజీలదా?"

"అవును."

"బాగా రాశావు, లవ్. మా లాయరు కూడా అదే అన్నాడు." ఇక్కడి పెద్దవాళ్లు ఎవరినైనా 'లవ్' అనే పిలుస్తారు. గ్లాసు పెట్టేసి ఇంకోటి తీసింది. "ఆదివారం రా. నువ్వు దేన్ని తీసేయమన్నావో ఒకసారి చూసినట్టుంటుంది."

ఆ ఆదివారం మా ఆయనను కూడా తీసుకెళ్లాను. ఎలాగూ నిద్రపోలేరు. పాటల గది నేననుకున్నంత పెద్దది కాదు. కాళ్లకు అంటుకునే కార్పెట్, గోడల నిండా ఒకదాని మీద ఒకటి అతికించిన పాత పోస్టర్లు, ముప్ఫై మంది మనుషులు. కాసేపటికి ఒక పొడుగాటి ముసలాయన కుడికాలు ఈడ్చుకుంటూ స్టేజీ ఎక్కి, ఎడం చేత్తో మైకు స్టాండు పట్టుకున్నాడు. మా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశారు.

"ఏవండీ, తెలిసినాయనా?" అన్నాను.

"ఆఁ," అన్నారు. వార్డు సంగతులు ఆయన ఇంటికి తీసుకురారు.

ముసలాయన ఏదో పాత పాట పాడాడు. వర్షం లేని ఊరు, ట్రక్కు నడిపే తండ్రి. గొంతు గరుగ్గా ఉంది గాని ఒక్క మాట తడబడలేదు. దిగి నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయాడు. "అదీ… అదీ…" అన్నాడు. ఆ తర్వాత రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. మా ఆయన లేచి నిలబడి ఆ చెయ్యి పట్టుకున్నారు.

ముసలాయన వెనకే వచ్చిన ఆయన భార్య చెప్పింది. స్ట్రోక్ వచ్చాక మాట పోయిందట. పాట పోలేదట. మాటలకీ పాటలకీ మెదడులో చోట్లు వేరని డాక్టర్లు చెప్పారట. ఇంట్లో పాడమంటే సిగ్గుపడతాడు, ఇక్కడైతే వారం వారం పాడతాడు అంది.

ఇంటికి నడుస్తూ మా ఆయన అన్నారు: "నెల రోజులు మా దగ్గరున్నడు. తన పేరు తనకు చెప్పరాలే." కొంచెం దూరం నడిచాక, "ఇంకో లెటర్ రాయి," అన్నారు.

రాశాను. సంతకాలు కూడా కావాలంది పబ్బావిడ. నాకు తెలిసిన జనం శనివారం తెలుగు బడి దగ్గర దొరుకుతారు. కాగితం పట్టుకుని కార్ పార్కులో నిలబడ్డాను. మొదట దొరికింది గుంటూరు అంకుల్. రిటైరైన ఇంజనీరు, బడిలో పిల్లలకు పద్యాలు నేర్పుతారు.

"ఏంటమ్మాయ్, బడి ముందు నిలబడి సారా కొట్టు కోసం సంతకాలా?"

"సారా కొట్టు కాదంకుల్, హెరిటేజ్ బిల్డింగ్."

"హెరిటేజా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ." పెన్ను తీశారు. "తినడానికేమన్నా పెడతారా అక్కడ?"

"చిప్స్ ఉంటాయంకుల్."

"మరింకెందుకు కాపాడటం," అంటూనే సంతకం పెట్టి, కార్లో కూర్చున్న ఆంటీ చేత కూడా పెట్టించారు. ఆవిడ దేనికని అడగలేదు.

కౌన్సిల్ విచారణ ఒక బుధవారం పొద్దున జరిగింది. బల్ల వెనక ఐదుగురు సభ్యులు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పేరు, చిరునామా చెప్పి మొదలుపెట్టాలి. నా వంతు వచ్చింది.

"అనుబంధంలో ఉన్న ఫిర్యాదు రాసింది నేనే. దానికి నేను అభ్యంతరం చెబుతున్నాను."

అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. "మీ అభ్యంతరానికి మీరే అభ్యంతరం చెబుతున్నారా?"

"అవునండీ."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన రాసుకున్నాడు.

"శాశ్వతంగా తొలగించమని మీరే రాశారు కదా?"

దీనికి జవాబు ఇంట్లో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. నిలబడ్డాక ఒక్కటీ గుర్తురాలేదు. "వినడానికి బాగుందని రాశాను," అన్నాను. "నాకు కావలసింది చప్పుడు బయటికి రాకుండా ఆ గోడకి మంచి లైనింగ్. నేనప్పటికి లోపలికి వెళ్లి చూడలేదు." ఇంకా రెండు నిమిషాలున్నాయి. కూర్చున్నాను.

నా తర్వాత ఆ పాటల ముసలాయనను పిలిచారు. భార్య కూడా లేవబోతే వద్దని చెయ్యి ఊపి, తనే మైకు దగ్గరికి వెళ్లాడు. పేరు, చిరునామా చెప్పమన్నారు. నోరు తెరిచాడు. రాలేదు. గది అంతా కిందికి చూస్తోంది. ఆయన బల్ల మీద వేళ్లతో నాలుగుసార్లు తాళం వేసుకుని, పాడటం మొదలుపెట్టాడు. ముందు తన పేరు. తర్వాత ఇంటి నంబరు, వీధి, ఊరు, పోస్ట్‌కోడ్, ఒక్కో అంకె సాగదీస్తూ. పోస్ట్‌కోడ్ రెండుసార్లు పాడాడు, పల్లవిలాగా. వెళ్లి కూర్చున్నాడు. అధ్యక్షురాలు థాంక్స్ చెప్పి, తర్వాతి వాళ్లను పిలిచింది. పక్కన మా ఆయన రుమాలుతో కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. పబ్బూ పాటల గదీ ఉంటాయి. ఫ్లాట్లు వెనక కార్ పార్కు స్థలంలో మాత్రం కట్టుకోవచ్చు. వెనక గోడకి లోపల నుంచి లైనింగ్ వేయాలి. భవనం కొన్న కంపెనీ పబ్బావిడకు లీజు మళ్లీ రాసిచ్చింది. ఆవిడ తీర్పు కాగితం నిలబడే చదివి, మడిచి గల్లాపెట్టెలో పెట్టింది.

"లైనింగ్ వేసేవాళ్లు మంగళవారం వస్తున్నారు," అంది. "రెండు వారాలు బ్యాండు ఉండదు. మీ ఆయనకు చెప్పు, నిద్రపోతాడు."

ఆ ఆదివారం నేను అటువైపు వెళితే ముసలాయన, భార్య బారులో కూర్చుని ఉన్నారు. బ్యాండు లేదన్న సంగతి వాళ్లకు తెలియదు. పబ్బావిడ పాటల గదిలో లైనింగ్ చుట్టలు పక్కకు జరిపి నాలుగు కుర్చీలు వేసింది. మైకు లేకుండా ఆయన మూడు పాటలు పాడాడు. విన్నది మేం ముగ్గురం.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అప్పుడే లేచి, టీ పెట్టుకుంటున్నారు. అంతసేపూ కదలకుండా నిద్రపోయారట. ఎక్కడికి పోయావని అడిగితే చెప్పాను.

"ఎన్ని పాడిండు?"

"మూడు."

కప్పులో చక్కెర వేసుకుని చాలాసేపు కలిపారు.

"నన్ను లేపకపోతివి," అన్నారు.