పాత ప్రాసెసర్‌ను పారేయనివ్వని దానియేలు మాస్టారు

పోయిన శుక్రవారం పొద్దున్న నా డీటీపీ కొట్టు తాళం తీస్తుండగానే ఫోను మోగింది. దానియేలు మాస్టారి పెద్దమ్మాయి.

"రత్నమక్కా, ఒక కార్డు కొట్టాలి. బేగి కావాలి" అంది.

"ఎవరిదమ్మా?" అంటూ కాగితం, కలం తీసుకున్నాను.

"నాన్నది."

రాసుకోవడానికి తీసిన కలానికి మళ్లీ మూత పెట్టేశాను. 'ప్రభువునందు నిద్రించిరి' అన్న మరణవార్త వాక్యాన్ని నా వృత్తిలో ఎందరికి కూర్చి ఇచ్చానో లెక్కలేదు. పేరు మార్చడం, తేదీ మార్చడం, పక్క పనికి పోవడం. ఆనాడు మాత్రం పేరు దగ్గరికి వచ్చేసరికి చేతులు కదలలేదు. ముందురోజు సాయంత్రం మాస్టారు ఎవరిదో కంప్యూటరు విప్పుతూ, ఛాతీలో నొప్పిగా ఉందని కుర్చీలో వెనక్కి వాలారట. మళ్లీ లేవలేదు. విప్పిన పెట్టె బల్ల మీద అలాగే ఉండిపోయింది.

మాస్టారు ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి, విరమణానంతరం కూర్మన్నపాలెంలో తమ ఇంటి ముందుగదినే కంప్యూటర్ల వైద్యశాలగా మార్చుకున్నారు. చర్చిలో ఆదివారం బడి నడిపినందువల్ల ఆయన అందరికీ మాస్టారయ్యారు. కొత్తది కొనిపించడం కంటే పాతదాన్ని నిలబెట్టడమే ఆయన వ్రతం. ర్యామ్ పెంచి, హార్డ్ డిస్క్ మార్చి, ఆ మదర్‌బోర్డు మోయగల ప్రాసెసర్లలోకెల్లా బలమైనదాన్ని వెదికి తెచ్చి, అస్తమించబోయే యంత్రానికి మరో అయిదేళ్లు ఆయుర్దాయం పోసేవారు.

సంస్మరణల్లో దివంగతులను శాంతమూర్తులని రాయడం ఆనవాయితీ. మా మాస్టారు శాంతమూర్తి కారు. ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. "ఎంతసేపవుతుందండీ?" అని అడిగినవాడికి ఆ రోజు పని జరిగేది కాదు. కొత్త కంప్యూటరు కొనాలని సలహాకు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి చేతిలో కుంచె పెట్టి, "ముందు ఊడ్సండి బాబూ, తరవాత కొందురుగాని" అని తుడిపించారు. ఆ పాతదే ఇప్పటికీ నడుస్తోంది, నాకు తెలుసు.

దుమ్మును చూసి ఊరు చెప్పగల దిట్ట ఆయన. మూత విప్పి, ఫ్యాను రెక్కల మీది ధూళిని వేలితో తీసి చూసేవారు. నల్లగా జిడ్డుగా ఉంటే పోర్టు వైపు. మరలకు తెల్లటి పొక్కులొస్తే సముద్రపు ఒడ్డు ఇల్లు. ఎర్రగా ఉంటే, "మా ప్లాంటోళ్లదే" అని నవ్వేవారు.

దసరా వెళ్లిన వారమంతా ఆయనకు ఒకటే పని. మా ప్రాంతంలో ఆయుధపూజ నాడు లారీకి, కుట్టుమిషనుకు పెట్టినట్టే కంప్యూటరుకూ పసుపు బొట్టు పెట్టి అక్షతలు వేస్తారు. అవి జాలీ రంధ్రాల్లోంచి జారి ఫ్యానులో పడతాయి. మాస్టారు ఒక్కొక్క గింజనూ చిన్న పట్టకారుతో ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఇల్లాలి చేతికిచ్చేవారు. "ఇగోనమ్మా, మీ అచ్చింతలు. బొట్టు పెట్టుకోండి, నాను వద్దన్ను. ఇవి మట్టుకు మానిటరు కాడ ఎయ్యండి" అనేవారు. బైబిలు పట్టే ఆ చేతులు అక్షతలను నేల మీద పడనిచ్చేవి కావు. ఆయన సంస్కారం ఎంతటిదో నాకు ఆ పొట్లాలే చెప్పాయి.

ఇక నా కథ. మాది జాలరిపేట. మా నాన్న వేటకెళ్లే మనిషి. ఏడో తరగతితో చదువు ఆగినా, చేపల పేర్లు, వలల పేర్లు, నీటి రంగును బట్టి మావాళ్లు వాడే మాటలు జీవితమంతా నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. వాటిని నేను కొట్టులోని మొదటి కంప్యూటరులో కూర్చడం మొదలుపెట్టాను. అచ్చు పుస్తకం చూడకుండానే నాన్న పోయాడు. ఆ నోటుపుస్తకాలు తుఫానుకు తడిసి ముద్దయ్యాయి. మిగిలింది కంప్యూటరులో ఉన్న నకలు ఒక్కటే. అదీ ఒక పాతకాలపు తెలుగు సాఫ్ట్‌వేరులో ఉంది. ప్రింటరు తీగ పెట్టే వెడల్పాటి రంధ్రంలో దాని తాళం బిళ్ల గుచ్చితేనే అది తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేదు. పాతదేమో రెండు పుటలు దిద్దేసరికి బిగుసుకుపోయేది.

"ఆ కన్నం ఈ బోర్డుకే ఉంది, బోర్డు మార్సడానికి లేదు. లోపలోడినే మార్సాలి" అని తేల్చారు మాస్టారు. ఆ బోర్డుకు సరిపోయే ప్రాసెసర్ ఒకటి సంపాదించారు. అది క్రిస్మస్ ముందటి శనివారం. పాటల సాధనకు చర్చి ఆడవాళ్లు వాకిట్లో ఎదురుచూస్తున్నారు. మాస్టారు తొందరపడ్డారు. పాతది పీకి చిత్తు డబ్బాలో వేసి, కొత్తదాన్ని కూర్చోబెట్టి, పైన వేడిని లాగే పేస్టు బియ్యపు గింజంత పెట్టి, మీట నొక్కమన్నారు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం చీకటి.

ఆ బోర్డు తయారైననాటికి ఈ ప్రాసెసర్ పుట్టలేదు. దాన్ని గుర్తుపట్టే ప్రోగ్రామును ముందుగా బోర్డులోకి ఎక్కించాలి. ఆ పని పాత ప్రాసెసర్ తన చోట ఉండగానే జరగాలి. ఆ సంగతి ఆయనకు స్ఫురించేసరికి సోమవారమైంది. అప్పటికి చిత్తు డబ్బా, పిన్నుల మీది బంగారు పూత కోసం పాత ప్రాసెసర్లు కొనే ఆటోనగర్ దుకాణానికి వెళ్లిపోయింది.

"మీ నాన్న పుస్తకం పాడుసేసీసానమ్మా" అన్నారు నాతో. అంత కోపిష్టి మనిషి కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. వెంటనే స్కూటరు తీశారు. ఆటోనగర్‌లో గోనెసంచి నేల మీద గుమ్మరించి, ఒంటిపూటంతా గొంతుక్కూర్చుని ఏరితే మాది దొరికింది. పిన్ను ఒకటి వంగి ఉంది. లెడ్ తీసేసిన పెన్ పెన్సిలు మొనతో దాన్ని నిటారు చేశారు. పాతది లోపలికి వెళ్లింది, తెర వెలిగింది. ప్రోగ్రాము ఎక్కింది. ఆ తరువాత కొత్తది కూర్చుంది.

అప్పుడు మాస్టారు పెట్టె వెనుక అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "గాలొత్తంది" అన్నారు. ప్రతి మరమ్మతు చివరా ఆయన అనే మాటే అది. ఆ రోజు మాత్రం ప్రార్థనలా వినబడింది.

నాటినుంచి ఎవరి ప్రాసెసర్ మార్చినా, పాతదాన్ని సబ్బుపెట్టెలో నల్ల స్పాంజి పరిచి, ఇంటిపేరు రాసి చేతికిచ్చేవారు. "కొత్తోడెవడో బోర్డుకి పాతోడే సెప్పాలమ్మా. పారీకు" అని నాకూ ఇచ్చారు. దిద్దిన పుటలు ఎప్పటికప్పుడు ప్రింటు తీయమని పోరేవారు. "ఏటి, ముహూర్తం సూత్తన్నావా?" అని వెక్కిరించేవారు కూడా. అన్నీ దిద్దాక ఒకేసారి తీద్దామని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. బుద్ధి తక్కువ!

జ్ఞాపకార్థ కూడిక ముగిసిన మర్నాడు కొట్టు తెరిచాను. అంతలో కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. పాత పెట్టె మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర చీకటి. ఆ బోర్డులో పాత ప్రోగ్రాము రెండో ప్రతి ఒకటి దాగి ఉంటుందనీ, కరెంటు దెబ్బకు అది పైకొస్తే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదనీ మాస్టారు ఒకసారి హెచ్చరించారు. ఆ హెచ్చరికను గుర్తుచేయడానికి ఇప్పుడాయన లేరు.

సబ్బుపెట్టె వెదికి తీశాను. నేనెన్నడూ ప్రాసెసర్‌ను తాకి ఎరుగను. ఆయన చేస్తుండగా చూశానంతే. ఫ్యాను విప్పి, ప్రాసెసర్‌ను పట్టి ఉంచే చిన్న మీట ఎత్తాను, కొత్తదాన్ని తీశాను. మూలనున్న గుర్తును బోర్డు మీది గుర్తుకు సరిచూసి పాతదాన్ని పిన్ను వంగకుండా దించాను. బియ్యపు గింజంత పేస్టు. తెర వెలిగింది.

నత్తనడకే. బిగుసుకుపోయినప్పుడల్లా ఆపి మళ్లీ వెలిగిస్తూ, తప్పులతో సహా నాన్న పుస్తకమంతా ప్రింటు తీయడానికి రెండు పగళ్లు పట్టింది. చివరి పుట వచ్చాక బల్ల మీది కట్టను చూస్తూ ఏడ్చాను.

ఈ మహానగరంలో కంప్యూటర్లు అమ్మేవారికి కొదవలేదు. పాతదానికి కూడా ఒక మర్యాద ఉందని నమ్మి, దానికోసం గోనెసంచి ముందు గొంతుక్కూర్చునే మనిషిని నేనిక చూడబోను. మాస్టారూ, మీకు నా నమస్సులు. పెట్టె వెనుక అరచెయ్యి పెట్టి చూశాను. గాలొత్తంది.