వదలని ఊపిరి

నా చిన్నప్పుడు ఆబిడ్స్‌లో విన్న ఒక ఊపిరి గురించి ఇంతకు ముందే రాశాను. పత్రిక వాళ్లు వేయలేదు. రికార్డుల కంపెనీకి రాస్తే ఉలుకూ పలుకూ లేదు. లక్డీకాపూల్‌లోని వాళ్ల ఆఫీసుకే వెళితే, అక్కడి కుర్రాడు కూర్చోమని కూడా అనకుండా ఫోను చూసుకుంటూ మాట్లాడాడు. అది నేను మరచిపోలేదు. అందుకే మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాను.

మా మేనమామకు ఆబిడ్స్‌లో రికార్డుల దుకాణం ఉండేది. నాంపల్లి స్టేషన్ దగ్గర మేడ మీద గదిలో కిరాయికి ఉండే గిటారు మాస్టారు ఆయన స్నేహితుడు. ఇక్కడ గిటారంటే అప్పటికి సినిమా పాటల వెనక వాయించేదే. దాన్ని ఒళ్లో పెట్టుకుని, వట్టి గోళ్లతో మీటుతూ, ఒక్క వాయిద్యంలోనే రెండు మూడు గొంతులు పలికించిన మొదటి మనిషి మాకు ఆయనే. పెళ్లి బ్యాండులో చేరమని జనం ఎగతాళి చేసేవాళ్లు. ఆయనది ఒక్కటే రికార్డు. ఆ గదిలోనే, రైళ్లు రాని వేళ చూసుకుని ఆ కంపెనీ వాళ్లు రికార్డింగు చేశారు. కష్టమైన వరుస వస్తే మాస్టారు ఊపిరి బిగబట్టేవాడట. విడవమని భార్య పోరుపెట్టేదట. రికార్డు బయటికి వచ్చేసరికి ఆయన లేడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన భార్య దుకాణానికి వచ్చింది. నేను ఆమెను పెద్దమ్మ అనేవాణ్ని. ఆమె రాగానే మామయ్య షట్టరు సగం దించి, ఫ్యాను ఆపి, ఆ రికార్డు పెట్టాడు. నన్ను కళ్లు మూసుకోమన్నాడు. తీగల మీద వేళ్లు జరిగే సవ్వడి, కుర్చీ కిర్రుమనడం, ప్రతి వరుసకూ ముందు ముక్కుతో లాగిన గాలి, ఒక్కొక్కటే వినిపించాయి. కాసేపటికి స్వరాలు వెనక్కి పోయాయి. నా పక్కనే ఎవరో కూర్చున్నట్టయింది.

"గీడ ఎంతమందిమున్నం రా?" అని అడిగాడు మామయ్య.

నలుగురం అన్నాను. కళ్లు తెరిస్తే ముగ్గురమే. నా పక్కన ఖాళీ పేము కుర్చీ, మాస్టారు వచ్చినప్పుడు కూర్చునేది. మామయ్య నవ్వలేదు.

ఆఖరి వరుస వచ్చింది. గాలి లోపలికి పోయిన చప్పుడు వినబడింది, బయటికి రాలేదు. వాయిద్యం ఆగింది. ముల్లు ఊరికే గీసుకుంటూ తిరుగుతోంది. అయిపోయిందనుకుని ఎత్తబోతే మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ఆయన ఇంకా ఇడ్వలే."

పెద్దమ్మ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, ఇంట్లో రోజూ అనే మాటలాగే, "ఇగ చాలు, ఇడ్వుండ్రి" అంది.

అప్పుడు వినబడింది. పొడుగ్గా, అలసటగా, ఒక మనిషి ఊపిరి వదలడం. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, పోయొస్తానని లేచింది. మామయ్య అప్పుడు ముల్లు ఎత్తాడు. పాట అయిపోయినంత మాత్రాన మనిషి అయిపోడని నాతో మెల్లగా చెప్పాడు.

ఆ రికార్డు పెద్దమ్మ వెంటే పోయింది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు. నాకు మిగిలింది ఒక అలవాటు. ఎవరైనా మాట ముగిస్తే వెంటనే బదులివ్వను, వాళ్లు ఊపిరి వదిలేదాకా ఆగుతాను. చెవుడు వచ్చిందని మా ఇంట్లో వేళాకోళం.

ఈ మధ్య ఆ కంపెనీ మాస్టారి రికార్డును శుభ్రం చేసి, ఫోన్లలో వినేటట్టు పెట్టింది. ఫ్యాను ఆపి విన్నాను. ఆఖరి వరుసలో గాలి లోపలికి పోయింది. చివరి స్వరం తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు కూర్చున్నా ఏమీ లేదు. ఆఫీసులో ఆ కుర్రాణ్ని నిలదీస్తే, "అది నాయిస్ అంకుల్, కట్ చేసినం" అన్నాడు.

అంటే మాస్టారు ఇంకా బిగబట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు విడవమని చెప్పడానికి పెద్దమ్మ కూడా లేదు. కంపెనీ వారూ, అసలు టేపు మీ దగ్గరే ఉంది. నన్ను కూర్చోబెట్టకపోయినా ఫరవాలేదు, దీనికి మాత్రం జవాబు కావాలి. ఆయన్ని ఊపిరి ఎప్పుడు విడవనిస్తారు?