పిచ్చుక డబ్బాలో పిడికెడు గింజలు

మా కోడలికి విడదీయడం వచ్చు, కలపడం రాదు. ఈ మాట నోరు జారి ఎవరితోనైనా అన్నానంటే కొంపలు కూల్చే అత్తనని నన్ను ఆడిపోసుకుంటారు. నేను చెప్పేది దాని ఉద్యోగం సంగతి లెండి.

విత్తనాలు పరీక్ష చేసే ల్యాబ్‌లో దానికి పని. అమ్మకానికి వెళ్లబోయే బస్తాల్లోంచి కాస్త కాస్త తీసి తెచ్చి దాని ముందు పోస్తారు. తెల్లటి బల్ల, నెత్తి మీద లైటు, చేతిలో సన్న మూతి పట్టకారు. అసలు విత్తనం ఒక కుప్ప, పరాయి గింజలు ఇంకో కుప్ప, పొట్టూ మట్టీ నలిగిన ముక్కలూ మూడో కుప్ప. ఆ మూడో కుప్పకి వాళ్లు పెట్టుకున్న పేరు చెత్త. పొద్దస్తమానం ఇదే. పోనీ ఇంటికొచ్చాకైనా ఆ చేతులు ఊరుకుంటాయా? నా గుండీల డబ్బా సైజుల వారీగా సర్దేసింది. నాకు కావలసిన గుండీ మునుపు వెతికితే దొరికేది, ఇప్పుడు ఏ గడిలో ఉందో తెలియక దాన్నే పిలవాల్సొస్తోంది.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. గొంతు చించుకోకపోతే నాకు మాట్లాడినట్టుండదు. ఇదేమో ఏదైనా అడిగితే రెండు నిమిషాలు నీళ్లు నమిలి, "అలాగే అత్తయ్యా" అంటుంది. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. దెబ్బలాడదామంటే తోడు రాని మనిషితో ఎలా కాపురం చెయ్యడం, మీరే చెప్పండి!

ఇది నా కొడుక్కి రెండో పెళ్లాం. మొదటి కోడలు జ్వరమొచ్చి పోయి రెండేళ్లు దాటింది. దాని కూతురే మా పిచ్చుక. తిండి దగ్గర ముక్కుతో పొడిచినట్టు తింటుందని నేనే పెట్టిన పేరు. మూడో తరగతి. నోరు మాత్రం అచ్చం నాదే. అంత నోరున్న పిల్లా ఈ కొత్తావిడ దగ్గరికొచ్చేసరికి ముక్తసరి. "నీళ్లు కావాలండీ." "సంతకం పెట్టండి." అంతే. కొత్తావిడ దాని రంగు పెన్సిళ్లు ముదురు నుంచి లేత వరకు వరసగా పేర్చిపెడితే, పిచ్చుక పొద్దున్నే లేచి అన్నీ కలగాపులగం చేసి మళ్లీ పెట్టెలో పడేసింది. ఇది మళ్లీ పేర్చడానికి కూర్చుంది. నాకే ఇద్దరినీ చెరో మొట్టికాయా వెయ్యాలనిపించింది.

అలా రోజులు గడుస్తుండగా స్కూల్లో కొండ నడక అన్నారు. శనివారం పిల్లలందరినీ ఊరవతల కొండ ఎక్కిస్తారట. దారిలో నములుకోవడానికి పప్పులూ గింజలూ కలిపి ఎవరింట్లో వాళ్లు చేసుకు రావాలని టీచరమ్మ చెప్పింది. దానికేదో ట్రెయిల్ మిక్స్ అని పేరు. మా ఇంట్లో అయితే దాన్ని కలగలుపు అనేవాళ్లం. మొదటి కోడలు చేసేది. పిల్లని ఎక్కడికి తీసుకెళ్లినా ఓ పొట్లం దాని జేబులో ఉండాల్సిందే.

"నాకు అమ్మ చేసిందే కావాలి. లేకపోతే నేను వెళ్లను," అని పిచ్చుక కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

అందులో ఏమేం వేసేదో ఎవరికి గుర్తు? మా వాడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. సాయంత్రం వస్తూ వస్తూ షాపులోంచి తళతళలాడే పొట్లం ఒకటి తెచ్చాడు. పిల్ల ఒక పలుకు నోట్లో వేసుకుని, "చక్కెర," అని పక్కన పెట్టేసింది. మర్నాడు నేను పూనుకున్నాను. వేరుశనగ గుళ్లు వేయించాను, ఎండుద్రాక్ష పోశాను, కారం తగిలించాను. "నానమ్మా, అమ్మ ఎప్పుడైనా కారం వేసిందా?" అని నన్నే కడిగిపారేసింది. తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి.

గురువారం సాయంత్రం మా కోడలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. పిచ్చుక పిల్లిలా వచ్చి నిలబడింది. చేతిలో ఓ చిన్న రేకు డబ్బా. మూత తీసి లోపల చూపించి, మళ్లీ తటాలున మూసేసింది.

వాళ్లమ్మ ఆఖరుసారి చేసిన కలగలుపు! ఓ పిడికెడు మిగిల్చి దాచుకుంది ఈ గడుగ్గాయి. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియనే లేదు.

"ఇందులో ఏమేం ఉన్నాయో మీరు చెప్పగలరా?" అంది పిచ్చుక.

"చూస్తే చెప్పగలను."

"ఒక్కటి కూడా పోకూడదు."

"పోదు."

"తినకూడదు."

"తినను."

తింటే ప్రాణం మీదకొస్తుందే తల్లీ, రెండేళ్ల సరుకది అనబోయి, ఎందుకో ఆగిపోయాను.

కోడలు టీ పక్కన పెట్టి లేచింది. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుంది. ఫ్యాన్ ఆపింది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, బ్యాగులోంచి పట్టకారు తీసింది. పిచ్చుక తనంతట తానే డబ్బా వంచింది. ఆ తర్వాత చూడాలి ఆ చేతుల పనితనం! చిటికెలో బాదం ఒక పక్క, వేరుశనగ ఒక పక్క, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, నల్లగా బిగుసుకుపోయిన ఎండుద్రాక్ష, ఎండుకొబ్బరి తురుము. పిల్ల రెప్ప వెయ్యడం మానేసి చూస్తోంది. నేనూ అంతే. చివర్న మిగిలిన పొడినంతా వేరే కాగితంలోకి ఎత్తి, మడిచి పక్కన పెట్టింది.

"గుమ్మడి గింజలు ఎక్కువ, బాదం తక్కువ. వేరుశనగలకి పొట్టు తియ్యలేదు. ద్రాక్ష కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు," అంది. పెళ్లయి వచ్చాక దాని నోట అన్ని మాటలు ఒకేసారి వినడం అదే మొదలు.

శుక్రవారం సరుకులన్నీ తెచ్చి, దేనికది విడివిడిగా సన్నసెగ మీద వేయించింది. చల్లారాక, ఆ కాగితం మీద కుప్పలు ఎలా ఉన్నాయో అదే పాళ్లలో గిన్నెలో పోసి గరిటెతో తిప్పింది. పిచ్చుక స్టూలెక్కి గుప్పెడు తీసుకుని కళ్లు మూసుకుని నమిలింది. మేమిద్దరం పరీక్ష రాసిన పిల్లల్లా దాని మొహం చూస్తున్నాం.

"అదే," అంది. మళ్లీ నమిలింది. "కానీ అది కాదు. ఏదో లేదు!"

స్టూలు దిగి లోపలికెళ్లి మంచమ్మీద బోర్లా పడుకుంది. కొండా లేదు, నడకా లేదంది. కోడలు గిన్నె ముందే నిలబడిపోయింది. ఆ పిల్ల తొలిసారి నమ్మి తన చేతికి ఇచ్చింది, అదీ ఏమిచ్చిందని! నేను ఓదార్చడం చేతకాని మనిషిని. "నిలబడి ఏం చూస్తావమ్మాయ్, ఇంకోసారి వెతుకు!" అని కసిరాను.

వెతకడానికి ఏముంది? అన్నీ అయిపోయాయి. అప్పుడు దాని చూపు మడిచిన కాగితం మీద పడింది. మూడో కుప్ప. మెల్లగా విప్పి వేలితో నలిపి చూసింది.

"అత్తయ్యా, ఇది చెత్త అనుకున్నాను. మట్టి కాదు. పొట్టూ కాదు. వాసన చూడండి."

చూశాను. ముందు పాతనూనె కంపు. దాని వెనకాల సన్నగా ఇంకేదో. ఓరి నాయనో! ఉప్పు బిస్కెట్లు! మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా అడుగున విరిగిన ముక్కలూ పొడీ మిగిలితే, మొదటి కోడలు పారబోసేది కాదు. కలగలుపులో వంపేసేది. పిసినారితనం అని నేనే వేళాకోళం చేసేదాన్ని. అది నా కళ్ల ముందు నిలబడి డబ్బా తిరగేసి అడుగున తడుతున్నట్టే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకున్నానని చెప్పను, బాహాటంగానే ఏడ్చాను.

నా ఏడుపుకి పిచ్చుక పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్పగానే బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఉన్నవన్నీ నిక్షేపంలాంటి బిస్కెట్లు, ఒక్కటీ విరగలేదు. కోడలు ఒకటి తీసి, సమంగా నాలుగు ముక్కలు చేసి వరసగా పెట్టింది. ఇంకోటి తీసి, మళ్లీ సమంగా నాలుగు.

పిచ్చుక నడుం మీద చెయ్యేసుకుంది. "అలా కాదండీ! ఇలా!" అని పిడికిలి బిగించి ధనామని ఒక్క గుద్దు గుద్దింది. పొడి ఎగిరి మా కోడలి కళ్లజోడు మీద పడింది. అది ఒక్క క్షణం బిత్తరపోయి, తనూ పిడికిలెత్తింది. ఇద్దరూ కలిసి నా వంటిల్లు ఏం చేశారో చెప్పుకోకపోవడమే మంచిది. గరిటె పక్కన పడేసి నాలుగు చేతులూ గిన్నెలో పెట్టి కలిపారు. పిచ్చుక నమిలి చూసి, ఇంకో గుప్పెడు తీసుకుంది.

అల్లరి సద్దుమణిగాక కోడలు పాత గింజలన్నీ డబ్బాలోకి తిరిగి పోసింది. ఆఖర్న ఆ చెత్త కాగితాన్ని మధ్యకి మడిచి, దులిపి మరీ పొడంతా వంపింది. పిల్ల మూత బిగించుకుని వెళ్లిపోయింది.

శనివారం కొండ దిగి సాయంత్రానికి ఇల్లు చేరింది. మోకాళ్ల నిండా దుమ్ము. టిఫిన్ బాక్సులో అడుగున కాస్త మిగిలింది. తిన్నగా బల్ల దగ్గరికొచ్చి రేకు డబ్బా తెరిచింది. మేం చూస్తుండగానే ఆ మిగిలిందంతా అందులో పోసి, మూత పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని గలగలా ఊపింది. నేను అయ్యయ్యో అనేలోపే అయిపోయింది.

డబ్బా తెరిచి మా కోడలి ముందు పెట్టింది. "ఇప్పుడు విడదీయ్, చూద్దాం. ఏవి అమ్మవి, ఏవి నీవి?"

విడదీయడమా! పాత ద్రాక్ష బొగ్గులా ఉంది, కొత్తది నిగనిగలాడుతోంది. చత్వారం కళ్లతో నేనే చెప్పేయగలను. దానికైతే పట్టకారు కూడా అక్కర్లేదు. అది డబ్బాలోకి వంగి, చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"నా వల్ల కాదే పిచ్చుకా," అంది.

పిల్ల తలూపి మూత పెట్టి, డబ్బా దాని చేతికే ఇచ్చింది. "పై అరలో పెట్టు. నాకు అందదు."