వదిన చెప్పని ముగింపు

పోయిన నెల ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే రేపల్లె నుంచి ఫోను. "అత్తా, అమ్మ ప్రభువు దగ్గరికెళ్ళిపోయింది" అన్నాడు మా వదిన కొడుకు. విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాను. రైల్లో సంచి తెరిచి చూస్తే మార్చుకోను చీర లేదు. గ్లాసు కింద వేసే నూలు ముక్క, అది వేలాడుతున్న అల్లిక సూదులు ఉన్నాయి.

వదిన అంటే మా ఆయన అక్క. చిన్నప్పుడు హాస్టల్లో స్వెటర్ల అల్లిక నేర్చుకుంది. రేపల్లెలో స్వెటరు ఎవరు వేసుకుంటారు? నేర్చిన విద్య ఊరుకోనివ్వదు కదా, నూలుతో గ్లాసుల కింద ముక్కలు, గిన్నెలు తోముకునే పీచులు అల్లేది. మా బంధువుల్లో ఆవిడ పీచు లేని ఇల్లు లేదు. దాన్ని షోకేసులో పెట్టామో, "తోముకోవే, అలంకారానిక్కాదు" అని కసిరేది.

నేను రిటైరై కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆయన తట్టుకోలేక అక్కకు చెప్పుకున్నారు. ఆవిడ తెనాలిలో మా ఇంటికొచ్చి నా చేతుల్లో సూదులు పెట్టింది.

"మనసుని కూర్చోబెట్టలేవే పిల్లా. చేతుల్ని కూర్చోబెట్టు, అదే వచ్చి కూర్చుంటుంది."

ఆ మాట లేకపోతే ఈ రెండేళ్ళు ఎలా గడిచేవో నాకు తెలియదు.

మొదలుపెట్టడం నేర్పింది, వరస మళ్ళించడం నేర్పింది. ఆఖరి వరస మాత్రం నేర్పలేదు. అది వేయకుండా సూది తీస్తే అల్లినదంతా ఊడిపోతుంది. చెప్పమంటే, "తేడా వస్తే మొత్తం పాడే. పట్టుకురా, నేను చేసిస్తాలే" అనేది. విసుక్కుంటూనే రైలెక్కేదాన్ని. ఆవిడ చిటికెలో ముగించేది. ఆ తర్వాత చేపల పులుసు, కబుర్లు. ఇంట్లో ఒక్కచోట నిలవని మనిషి, సాయంత్రం స్టేషనుకొచ్చి బండి కదిలేదాకా నా కిటికీ పట్టుకుని నిలబడేది.

ఆ ఆదివారం వదిన ఇంట్లో, ముందు గదిలో పాటలు పాడుతున్నారు. నాకు కూర్చోబుద్ధి కాక వంటగదిలోకి వెళ్ళాను. బాపట్ల నుంచి వచ్చిన వదిన తోడికోడలు సంచి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. సంచిలోంచి సూదులు పొడుచుకొచ్చాయి.

"ఏంటక్కా అది?"

"పీచమ్మా. ఈ వారం తెస్తానన్నా. నాకు ముగించడం రాదుగా."

"నాదీ ఇంట్లో అలాగే ఉందండి" అంది తలుపు దగ్గర నిలబడ్డ పక్కింటి పంతులమ్మ. "గోడవతలే ఉంటానా, నాకూ చెప్పలేదు. సాయంత్రం రా, చేసిస్తా అనేవారు."

మీరేమనుకున్నా సరే, అంత ఏడుపులోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది. వెంటనే నాకు కోపమొచ్చింది. ఊరికే రమ్మంటే రామా వదినా? ఏమో, వచ్చేవాళ్ళం కాదేమో. పనులున్నాయనేవాళ్ళం. అది ఆవిడకు తెలుసు.

తిరిగొచ్చాక మా అమ్మాయి ఫోను చేతికిచ్చింది. "వీడియో ఉందమ్మా, చూస్తే ఇట్టే వచ్చేస్తుంది." ఫోను బోర్లా పెట్టాను. ముగించాలని లేదు. చేతులేమో ఊరుకోవు. ఇంకో వరస వేశాను, ఇంకోటి వేశాను. గ్లాసు కింద వేయాల్సిన ముక్క నా ఒడి దాటి మోకాళ్ళ మీదికి జారింది.

నిన్న సాయంత్రం నూలు అయిపోవచ్చింది. మా ఆయన చూశారు. బజారుకెళ్ళి, అదే రంగు నూలు ఉండ ఇంకొకటి తెచ్చి నా పక్కన పెట్టారు.