అడ్జస్ట్ కాని దస్తీ

మంథని నుంచి పెద్దపల్లి వెళ్లే ఉదయం బస్సులో కండక్టర్ జమున టికెట్ అనే మాట కన్నా ఎక్కువగా పలికేది ‘అడ్జస్ట్’. బడి మొహం చూడనివాళ్లకూ ఆ మాట కొత్త కాదు. ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చోవాలి, సంచి ఒళ్లోకి రావాలి, పక్కామె పిల్లను ఎత్తుకోవాలి. ఆ బస్సులో దాని అర్థం ఇంతే. విసుక్కుంటూనైనా అందరూ జరుగుతారు.

మొన్న మంగళవారం మాత్రం ఒక సీటు జరగలేదు.

ముసలి ఐలవ్వ మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్ కోసం పెద్దపల్లి ఆస్పత్రికి వెళ్తుంది. కిందటి వారం ఇదే బస్సులో నిలబడి వెళ్తూ కళ్లు తిరిగి పడిపోయింది. మంగళవారం ఆమె ఎక్కేసరికి కిటికీ పక్క సీటొక్కటే ఖాళీగా ఉంది. దాని మీద ఎవరిదో చేతిరుమాలు, నీలం దస్తీ ఉంది. బయటి నుంచి కిటికీలో దస్తీ ఎవరు వేస్తే సీటు వారిదే. ఎంత రద్దీ ఉన్నా దాని మీద ఇంకొకరు కూర్చోరు.

“గీ దస్తీ ఎవలది?” జమున అడిగింది.

బస్సు కదిలింది. కమ్మీ పట్టుకున్న ఐలవ్వ నుదుటికి చెమట పట్టింది.

“జర అడ్జస్ట్ కాండ్రి, అవ్వకు పానం మంచిగ లేదు.”

“మేమిద్దరం ఎప్పుడో అయినం అక్కా,” అన్నాడు దస్తీ పక్కన ఇంకొకరితో ఇరుక్కుని కూర్చున్న పెద్దమనిషి. “గా దస్తీనే అయితలేదు.”

అంతలో వెనక ఫుట్‌బోర్డు మీది నుంచి ఒక గొంతు వినిపించింది. “అది నాదే అక్కా. చాయ్ తాగొచ్చేసరికి లోపటికి జాగ లేదు.”

పెద్దపల్లిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే రాకేశ్ అతను.

“మంచిగుంది. నీ దస్తీ కూసున్నది, నువ్వు ఏలాడుతున్నవ్,” అంది జమున. బస్సంతా నవ్వింది. “అవ్వను కూసోబెట్టనా మరి?”

రాకేశ్ మెడ చాచి ఐలవ్వను చూశాడు.

“కూసో అవ్వా. నా దస్తీ అయితే ఇటియ్యుండ్రి, చెమటకు సస్తున్న.”

దస్తీ చేతులు మారుతూ వెనక్కి వెళ్లింది. ఐలవ్వ కూర్చుని కిటికీకి తల ఆనించింది. గాలి తగిలాక, “ఇగ ఫికర్ లేదు బిడ్డా,” అంది. జమున అప్పటికి గానీ టికెట్లు కొట్టడం మొదలుపెట్టలేదు.

పెద్దపల్లిలో ఐలవ్వ ఎవరి చేయీ పట్టుకోకుండా దిగి, ఆస్పత్రి వైపు నడిచింది.

గురువారం మంథనిలో బస్సు ఆగగానే జనం కిటికీల దగ్గరికి ఉరికారు. ఆ సీటు మీద అప్పటికే ఒక దస్తీ ఉంది. అది జమునది. ఐలవ్వ వచ్చేదాకా దాని మీద ఎవరూ కూర్చోలేదు.