కొత్త సిమ్‌కి వచ్చిన ఫోను

గురజాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కలు చెప్తాను. నిరుడు ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇన్ఫర్మాటిక్స్ పోటీకి తయారు చేశాను. దానికి కోడింగ్ రానక్కర్లేదు, ఆలోచన ఉంటే చాలు. ఊళ్ళో నీళ్ళ పైపు ఎక్కడో పగిలింది, ముందు ఏ వాల్వు కట్టేసి చూస్తే చోటు త్వరగా దొరుకుతుంది, అలాంటి ప్రశ్నలు.

పేరు నమోదుకి ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు కావాలి. బళ్ళో కంప్యూటర్ ల్యాబ్ చూసే సార్ ఆ పనిలో నాకు సాయం, జాబితా ఆయన దగ్గరా ఉండేది. ఒకమ్మాయి తల్లి నేరుగా బడికే వచ్చింది. బజార్లో బట్టలు కుడుతుందామె.

"ఊరికే పరీక్ష పెట్టి ఊరికే సర్టిఫికెట్ ఇస్తారా? వాళ్ళకేంది మేడం లాభం?"

నాకు తెలిసింది చెప్పాను. నమ్మలేదు. చివరికి ఎవరికీ ఇవ్వని కొత్త సిమ్ నంబరు ఇచ్చి వెళ్ళింది.

పోటీ అయిన కొద్దిరోజులకే ఆ నంబరుకి ఫోను వచ్చింది. అవతల ఎవరో మనిషి, పాప పేరూ తరగతీ చెప్పి, కోచింగ్‌లో చేర్చమన్నాడట. మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"నేననుకున్నదే అయింది మేడం."

నేను నోరు తెరిచేలోపు అమ్మాయే అంది: "ఈ నంబరు మూడు చోట్లే ఉంది మేడం. పోటీ సైట్‌లో, ల్యాబ్ సార్ దగ్గర, మీ ఫోన్‌లో."

"నన్నూ కలిపావా?"

"చూడకుండా దేన్నీ కొట్టెయ్యొద్దని మీరే చెప్పారుగా."

"ఏమే, మేడంతో అట్టాగేనా?" అంది తల్లి. చూపు మాత్రం నా మీదనుంచి తిప్పలేదు. నా మనసు చివుక్కుమంది. అయినా ఆ పిల్లని కాదనలేకపోయాను.

రెండో విడత పోటీకి ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. తన పేరు ముందు మూడుచోట్లా మూడు వేర్వేరు అక్షరాలు పెట్టాం, ఫోను చేసినవాడు ఏ అక్షరం చదివితే నంబరు ఆ చోటునుంచి పోయినట్టు. సైట్‌లో తల్లీకూతుళ్ళ ఎదురుగానే ఎక్కించాను. అప్పట్నుంచి ల్యాబ్ ఆయన పలకరించినా, ఎందుకు పలకరించాడా అనిపించేది. నా ఫోన్ టేబుల్ మీద వదిలేసిన సందర్భాలూ గుర్తొచ్చి భయపడ్డాను.

మళ్ళీ ఫోను వచ్చింది. అవతలి మనిషి చదివిన అక్షరం ల్యాబ్ ఆయనకిచ్చిందే.

హెడ్‌మాస్టరు ముందు అడిగితే ఆయన దాచలేదు. "మా బంధువుల సెంటరే మేడం. పిల్లలకి మంచిదేగా," అన్నాడు. అందరి నంబర్లూ ఇచ్చాడు. హెడ్‌మాస్టరు ఆయన్ని నమోదు పనినుంచి తప్పించి, ఇళ్ళకి కబురు పంపారు.

"తేలిపోయిందమ్మా," అన్నాను ఆ తల్లితో.

"ఆయన ఇచ్చాడని తేలింది. ఇంకెవురూ ఇయ్యలేదని తేల్లేదుగా మేడం?"

కూతురు అవునన్నట్టు తలూపింది. ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. వాళ్ళెదుటే నా ఫోన్‌లోంచి పిల్లల ఇళ్ళ నంబర్లన్నీ తీసేశాను. ఆమె నా ఫోను చేతిలోకి తీసుకుని, ఇంకా ఏమన్నా మిగిలాయేమోనని పైకీ కిందికీ జరిపి చూసింది.